పెరట్లో సర్కారు

నాలుగు మంచి వానలు పడితే చాలు, తెలంగాణ పల్లెల్లో పంచాయతీ ట్రాక్టరు గల్లీలోకి వస్తుంది. ట్రాలీ నిండా నల్ల ప్లాస్టిక్ సంచుల్లో మొక్కలు. ఇంటికి ఆరు చొప్పున లెక్క. జామ, నిమ్మ, మునగ, మందారం, ఇంకా పేరు తెలియనివి ఒకటో రెండో. కార్యదర్శి రిజిస్టర్‌లో ఇంటి నంబరు పక్కన సంఖ్య రాసుకుంటాడు, ఫోను తీసి ఫోటో కొడతాడు. నిజామాబాద్ జిల్లా సిరికొండలో, చుట్టుపక్కల రావుట్ల, గడ్కోల్, తూంపల్లి, కొండూరు ఊళ్లలో కూడా తంతు ఇదే. మొక్కలు చేతికి అందగానే ఇంటావిడ అడిగే మాట ఒకటుంటుంది: "ఇవి ఏడ పెట్టాలె సారూ?"

సారు దగ్గర దానికి జవాబు ఉండదు. వాకిలి సిమెంటు, పక్కన ప్రహరీ, వెనక బాత్రూము. మట్టి కనిపించే జాగా గేటు పక్కన జానెడు.

ఇంటి ఆవరణలో ఏ చెట్టు ఉండాలి, ఏది కొట్టకూడదు, ఎన్ని నాటాలి అని సర్కారు చెప్పడం ఈ ప్రాంతానికి కొత్తేమీ కాదు. మారుతూ వచ్చింది చెప్పే మాట. నిజాం సర్కారు చెట్టును లెక్కబెట్టి పన్ను వేసింది. తరవాతి సర్కార్లు కొట్టొద్దన్నాయి. ఇప్పటివి నాటమంటున్నాయి. చిత్రమేమిటంటే, పెరడు పెద్దగా ఉన్నంత కాలం నాటమని ఎవరూ చెప్పలేదు. నాటమని చట్టం చేసే నాటికి పెరడే కరిగిపోయింది.

పాత పెరడు ఎలా ఉండేదో ఈ వైపు అరవై దాటిన వాళ్లను ఎవరినడిగినా చెబుతారు. మట్టి గోడలు, గూన కప్పు, ముందు విశాలమైన వాకిలి, వెనక దొడ్డి, చుట్టూ తుమ్మ కంపతో కంచె. ఊరి నడిబొడ్డున ఉండే ఆబాది జాగాకు పొలంలాగా సర్వే నంబరు, పట్టా ఉండేవి కావు. ఎవరి హద్దు ఏదో ఊరికి తెలుసు. చెట్లకు సంబంధించిన నియమాలు కూడా అలాగే ఊరికి తెలుసు, ఎక్కడా రాసి లేవు. చింతచెట్టు ఇంటి మీదికి రాకూడదు. మునగ ఇంటి ముందు పెట్టకూడదు. ఈశాన్యం మూల బరువైన చెట్టు ఉండకూడదు. గోడ పగుల్లో రావి మొలిస్తే ఇంటివాళ్లు తమ చేత్తో పీకడానికి జంకేవాళ్లు. చూరు నీళ్లు తన జాగాలోనే పడాలి, పక్కింటి గోడను తడపకూడదు.

ఈ నోటి చట్టంలో సగం భయం, సగం ఇంజనీరింగు. మునగ కొమ్మ పెళుసు, పిల్లలు ఎక్కితే విరుగుతుంది. దానికి పట్టే గొంగళి పురుగులు గుమ్మం దగ్గర ఉంటే ఇల్లంతా దురదే. చింత వేరు మట్టిగోడను ఎత్తేస్తుంది. దయ్యం పేరు చెబితే పిల్లవాడు వింటాడు, వేరు సంగతి చెబితే వినడు. అందుకే దయ్యం నిలిచింది.

ఇంకొన్ని నియమాలు నీటి చుట్టూ ఉండేవి. స్నానం చేసే జాలారు నీళ్లు ఎటు పారితే అటు అరటి, చేమ. బియ్యం కడిగిన నీళ్లు కరివేపాకుకు. బావి నుంచి తోడి తెచ్చిన నీళ్లు చెట్టుకు పోయడమంటే పాపమన్నంత పని, కాబట్టి వాడిన నీళ్లతో బతికేవే పెరట్లో బతికాయి. సిరికొండ నిజాంసాగర్ కాలువ అందని మెట్ట వైపు. గుట్టలు, అడవి అంచు, చెరువులు, వాగులే దిక్కు. పెరట్లో ఏది మొలవాలో ఇక్కడ మొదట నిర్ణయించింది నీళ్లే.

వాకిలి అలంకారానికి కాదు, పనికి. మక్కలు ఆరబోసేది అక్కడే, ఉడికించిన పసుపు ఎండబెట్టేది అక్కడే. నిజామాబాద్ జిల్లా ఆడవాళ్లలో వేలమందికి బీడీలు చుట్టడమే జీవనాధారం. వేపచెట్టు కింద చాట ఒళ్లో పెట్టుకుని తునికాకు కత్తిరించడం వాకిట్లో రోజూ కనిపించేదే. ఆ నీడ వాళ్లకు పని చేసే చోటు. ఇక్కడ పచ్చిక మైదానం ఎవరికీ తట్టలేదంటే ఆశ్చర్యం లేదు. అదే తునికాకును 1971లో చేసిన చిన్నతరహా అటవీ ఉత్పత్తుల వ్యాపార నియంత్రణ చట్టంతో సర్కారు తన గుత్తాధిపత్యం కిందికి తెచ్చుకుంది. ఆకు కోసేది ఊరివాళ్లు, అమ్మే హక్కు సర్కారుది.

అసలు చెట్టు ఒకరిది, దాని ఫలం ఇంకొకరిది అన్న ఏర్పాటు ఇంకా పాతది. అది కల్లుతో మొదలవుతుంది.

నిజాం రాజ్యంలో ఈత, తాటి చెట్టు ఎవరి పట్టా భూమిలో ఉన్నా, ఎవరి దొడ్లో ఉన్నా దాని కల్లు మీద హక్కు ఆబ్కారీ శాఖదే. 1316 ఫస్లీలో, అంటే 1906–07 ప్రాంతంలో వచ్చిన హైదరాబాద్ ఆబ్కారీ చట్టం ఈ హక్కును కాగితం మీద బిగించింది. చెట్టుకు నంబరు వేసి, లెక్క రాసుకుని, చెట్టుకు ఇంత అని పన్ను వసూలు చేసేవాళ్లు. భూమి యజమానికి దక్కేది హఖ్ మాలికానా అనే చిన్న మొత్తం. గీసే గౌడు పన్ను కట్టాలి, గుత్తేదారుకు లొంగాలి, పైగా దొరకు ఉచితంగా కల్లు పోయాలి. దొర ఇంటి వాడకం కోసమే కొన్ని చెట్లు విడిగా కట్టి ఉంచాల్సిన వెట్టి తెలంగాణ అంతటా నడిచింది. నల్లగొండ వైపు బొమ్మగాని ధర్మభిక్షం గీత కార్మికులను కూడగట్టి 'గీసేవాడిదే చెట్టు' అన్నప్పుడు ఆ నినాదం అంత బలంగా తాకడానికి కారణం ఇదే. పెరట్లో నిలబడ్డ చెట్టు ఎవరిదన్న ప్రశ్న తెలంగాణలో మొదటిసారి రాజకీయమైంది అప్పుడే అనాలి. చెట్టు పన్ను చివరికి రద్దయింది ప్రత్యేక రాష్ట్రం వచ్చిన తరవాత.

దొరలుండే గడీల తోటల సంగతి వేరు. సిరికొండకు దగ్గరలోనే సిర్నాపల్లి ఉంది. రాణి జానకీబాయి ఏలిన సంస్థానం. చెరువులు తవ్వించిందని, రైలు తన ఊరి మీదుగా పోయేలా చూసుకుందని ఈనాటికీ చెప్పుకుంటారు. జానకంపేట పేరు ఆమెదే. సంస్థానాల గడీలకు ఎత్తైన గోడలు, లోపల బావి, తోట ఉండేవి. తెలంగాణ గడీ తోటల్లో నీళ్లు పోసేది చాలా చోట్ల వెట్టివాళ్లే. ఊళ్లో ఎవరి పెరట్లో మంచి పండు కాసినా, మంచి కూరగాయ పండినా అది ముందు గడీకి వెళ్లాలన్నది రాయని నియమం. పన్ను రసీదు లేదు గానీ పన్నే. 1949లో జాగీర్లు రద్దయ్యాక ఆ నియమం పోయింది, గోడలు మిగిలాయి.

ఇదే జిల్లాలో పడమటి వైపు దృశ్యం పూర్తిగా వేరుగా మారింది. మంజీర మీద 1923లో మొదలుపెట్టి 1931 నాటికి పూర్తి చేసిన నిజాంసాగర్ నీళ్లు బోధన్, వర్ని, కోటగిరి వైపు పారాయి. ప్రాజెక్టు వెనక ఉన్న చీఫ్ ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. కాలువ వెంట చెరుకు వచ్చింది, చెరుకు వెంట 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. ఫ్యాక్టరీ చుట్టూ శక్కర్‌నగర్ అనే ఊరే లేచింది. బంగళాలు, క్వార్టర్లు, రోడ్ల పక్క చెట్లు. వేల ఎకరాల సొంత చెరుకు తోటలున్న కంపెనీకి కాలనీలో నాలుగు చెట్లు పెంచడం లెక్కలోది కాదు. ఈ ప్రాంతానికి ఇది కొత్త రకం పెరడు. చెట్టు నాటేది ఉద్యోగి, నీళ్లు పోసేది ఉద్యోగి భార్య, చెట్టు మాత్రం కంపెనీది. బదిలీ అయితే జామచెట్టును తరవాత వచ్చే కుటుంబానికి అప్పజెప్పి వెళ్లాలి. నాటినవాళ్లు కాయ తినేదాకా ఉండకపోవచ్చని తెలిసీ జనం నాటారు. ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటు చేతికి పోయి, 2015 డిసెంబరులో మూతపడింది. మనుషులు ఖాళీ చేసిన క్వార్టర్ల దగ్గర ఇప్పుడు కంపచెట్లదే రాజ్యం.

కాలువ కింద భూములు కొనుక్కుని కోస్తా జిల్లాల నుంచి వచ్చిన రైతులు పొలాల మధ్య 'క్యాంపు'లు కట్టుకున్నారు. వాళ్ల వెంట కోస్తా పెరడు కూడా వచ్చింది. ఇంటి వెనక కొబ్బరి, గట్టు మీద అరటి, ముందు పూలమొక్కలు. వాళ్లకు ఎవరూ నియమం పెట్టలేదు. నీళ్లున్నాయి, అలవాటుంది, జాగా ఉంది. అరవై డెబ్బై కిలోమీటర్ల లోపలే రెండు రకాల పెరళ్లు తయారయ్యాయి. ఒకటి కాలువ పెరడు, ఒకటి గుట్ట పెరడు. రాష్ట్రమంతటికీ ఒకే అచ్చుతో మొక్కల లెక్క వేసే అధికారులు ఈ తేడాను ఎప్పుడూ పట్టించుకున్నట్టు లేదు.

'కొట్టొద్దు' అన్న మాట అడవి చట్టాల నుంచి వచ్చింది. 1355 ఫస్లీ నాటి హైదరాబాద్ అటవీ చట్టం, దాని తరవాత 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం ప్రధానంగా అడవి కోసమే. కానీ టేకు, గంధం వంటి విలువైన కలపకు అడవికీ పెరటికీ తేడా ఉండదు. బండి మీద దుంగ కనిపిస్తే అది ఎక్కడిదో చెప్పే కాగితం అడుగుతారు. అడవి అంచున ఉన్న సిరికొండ వంటి చోట ఇది రోజువారీ వ్యవహారం. తాత పెరట్లో నాటిన టేకును మనవడి ఇంటి దర్వాజాలకు వాడాలన్నా దరఖాస్తు, పరిశీలన, ముద్ర, రవాణా పర్మిటు తప్పవు. కలప దొంగలను ఆపడానికి పెట్టిన నియమం అది. దొంగకు అది ఖర్చు మాత్రమే. ఇంటివాడికి మాత్రం అది బెదురు.

2002లో ఆ బెదురు కలపచెట్టు దాటి మామూలు చెట్టు మీదికి వచ్చింది. ఆ ఏడు ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన ఆంధ్రప్రదేశ్ నీరు, భూమి, చెట్ల చట్టాన్ని జనం వాల్టా అంటారు. దాని పుట్టుక బోర్ల కరవులో ఉంది. ఎక్కడ పడితే అక్కడ బోరు వేయకూడదు, ఇంటికి ఇంకుడు గుంత ఉండాలి, అనుమతి లేకుండా చెట్టు కొట్టకూడదు, ఒకటి కొడితే రెండు నాటాలి. స్థలం పెరిగే కొద్దీ ఆవరణలో ఉండాల్సిన చెట్ల సంఖ్య కూడా పెరగాలని ఆ చట్టం కింద వచ్చిన నియమాలు లెక్క చెప్పాయి. మన ప్రాంతంలో ఇంటి యజమానికి 'ఇన్ని చెట్లు పెంచు' అని కాగితం మీద చెప్పిన తొలి ఏర్పాట్లలో ఇది ముఖ్యమైంది. ఇల్లు కట్టుకున్నవాళ్లలో ఆ లెక్క ఉందని తెలిసినవాళ్లు అరుదు. బోరు వేసేవాడికి వాల్టా పేరు తెలుసు, చెట్టు కొట్టేవాడికి తెలుసు, నాటాల్సినవాడికి తెలియదు.

పట్నానికి ఇంకో కాగితం వచ్చింది. 2012 ఏప్రిల్ 7న వెలువడిన జీవో 168, ఉమ్మడి రాష్ట్రపు భవన నిర్మాణ నియమాలు. ఇప్పటికీ మేస్త్రీల నోట్లో, ప్లాను గీసేవాళ్ల నోట్లో నలిగే నంబరు ఇది. 300 చదరపు మీటర్లు దాటిన స్థలంలో ఇల్లు కడితే వదిలిన ఖాళీ అంచుల్లో మీటరు వెడల్పున మొక్కల పట్టీ ఉండాలి. 750 దాటితే అదనంగా స్థలంలో 5 శాతం పచ్చదనానికి కేటాయించాలి. పెంచకపోతే ఏటా ఆస్తి పన్ను మీద 10 శాతం అదనపు వడ్డన. చదివితే గట్టిగానే ఉంటుంది. కానీ 300 చదరపు మీటర్లంటే దాదాపు 360 గజాలు. నిజామాబాద్ చుట్టూ వెంచర్లలో మామూలు ఉద్యోగి కొనేది 150, 200 గజాల ప్లాటు. మొక్కల పట్టీ నియమం అతని గడప తొక్కనే తొక్కదు. 2020లో ఆన్‌లైన్ భవన అనుమతుల విధానం టీఎస్-బీపాస్ వచ్చాక 75 గజాల లోపు చిన్న ఇంటికి అనుమతే అక్కర్లేదు, రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు. పేదవాడికి లంచాల బాధ తప్పించిన మంచి మార్పు అది. అదే సమయంలో చిన్న జాగాను గోడ నుంచి గోడకు కప్పేయడానికి అడ్డూ పోయింది.

పెరడును మింగింది మాత్రం నియమాలు కావు. మొదటిది పంపకాలు. అన్నదమ్ములు ముగ్గురైతే దొడ్డి మూడు ముక్కలు, చెట్టు ఎవరి ముక్కలో పడితే వాళ్లకు తలనొప్పి. రెండోది దుబాయ్. 1970ల నుంచి నిజామాబాద్, కరీంనగర్ పల్లెలు గల్ఫ్‌కు మనుషులను పంపుతున్నాయి. అక్కడ సంపాదించిన ప్రతి దిర్హమ్ ఇక్కడ స్లాబుగా మారింది. మట్టి వాకిలి పేదరికానికి గుర్తు, సిమెంటు వాకిలి దుబాయ్‌కి గుర్తు. ఎండకు కాలే ఆ సిమెంటు మీద నిలబడి, వేపచెట్టు కొట్టకుండా ఉండాల్సిందని ఒప్పుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. మూడోది కోతులు. అడవి అంచు ఊళ్లలో జామ పిందె దశ దాటదు. కాయ మనకు దక్కనప్పుడు చెట్టెందుకన్న విసుగు చాలా పెరళ్లను ఖాళీ చేసింది.

2015 జులై 3న చిలుకూరు బాలాజీ గుడి దగ్గర అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ హరితహారం మొదలుపెట్టినప్పుడు ఈ కోతుల సంగతిని నినాదంలోకే తెచ్చాడు. వానలు వాపస్ రావాలె, కోతులు వాపస్ పోవాలె. రాష్ట్రంలో పచ్చదనాన్ని 24 శాతం నుంచి 33 శాతానికి పెంచడం లక్ష్యం. మొత్తం 230 కోట్ల మొక్కలు, అందులో 130 కోట్లు అడవి బయట. ఊళ్లు, రోడ్లు, బళ్లు, పొలం గట్లు, ఇళ్లు. కోట్లలో లెక్క వేసినప్పుడు ఇంటి పెరడు లక్ష్యంలో ఒక గడి అయిపోతుంది. 'ఇంటికి ఆరు' అన్న మాట స్థిరపడింది అలాగే.

అసలు మలుపు 2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం. ప్రతి గ్రామ పంచాయతీకి నర్సరీ ఉండాలంది. నాటినవాటిలో 85 శాతం బతకాలని, బతకకపోతే సర్పంచి, కార్యదర్శి బాధ్యులని రాసుకుంది. మరుసటి ఏడు మున్సిపల్ చట్టం పట్టణాల పాలకుల మీదా అదే 85 శాతం మోపి, బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి కేటాయించమంది. మొక్క చస్తే పదవి పోవచ్చన్న నియమం దేశంలో ఇంకెక్కడైనా ఉంటే అరుదే. 2019 సెప్టెంబరు 6న ముప్పై రోజుల ప్రణాళికతో పల్లె ప్రగతి మొదలైంది. 12,769 పంచాయతీలకు ట్రాక్టర్లు, ట్యాంకర్లు వచ్చాయి. కొత్తగా ఉద్యోగంలో చేరిన జూనియర్ కార్యదర్శుల చేతిలో బకెట్లు, రిజిస్టర్లు, ఫోటోలు. ఉద్యోగం నిలబడాలంటే మొక్క నిలబడాలి. ఎండాకాలంలో మనుషులకు ట్యాంకరు ఆలస్యమైనా మొక్కలకు ఆలస్యం కాలేదని పల్లెల్లో ఎగతాళి చేసేవాళ్లు. ఎగతాళి ఎలా ఉన్నా, రోడ్ల పక్క ఆ ఏళ్లలో నాటిన చెట్లు చాలా చోట్ల ఇప్పుడు నీడ ఇస్తున్నాయి. అది కాదనలేం.

ఈ పట్టుదల ఎక్కడిదాకా వెళ్లిందంటే, 2019 సెప్టెంబరులో కరీంనగర్ జిల్లా హుజూరాబాద్‌లో మొక్కలు మేసినందుకు రెండు మేకలను పోలీస్ స్టేషన్‌కు తెచ్చారు. యజమాని వెయ్యి రూపాయల జరిమానా కట్టి విడిపించుకున్నాడు. దేశమంతా నవ్వుకుంది. మేకల కాపరికి మాత్రం వెయ్యి రూపాయలు నవ్వే సంగతి కాదు. 2021 ఫిబ్రవరిలో హైదరాబాద్ సైదాబాద్‌లో ఒక ఇంటి యజమాని కొత్త ఇల్లు కట్టుకోవడానికి తన ఆవరణలోని నలభై ఏళ్ల వేపచెట్టును రాత్రివేళ కొట్టించాడు. ఎనిమిదో తరగతి పిల్లవాడు అటవీ శాఖకు ఫోన్ చేశాడు. జరిమానా 62,075 రూపాయలు. సొంత ఇల్లు, సొంత చెట్టు అయినా అనుమతి లేకుండా కొడితే నేరమేనని చాలామందికి తెలిసింది ఆ వార్తతోనే.

సిరికొండ, భీమ్‌గల్, ఆర్మూర్ వైపు ఊళ్లలో వీటన్నిటికంటే పదునైన నియమం ఇంకొకటుంది. అది ఏ చట్టంలోనూ లేదు. గ్రామాభివృద్ధి కమిటీ, అందరూ వీడీసీ అంటారు. కులానికొకరు చొప్పున పెద్దలు కూర్చుని ఊరి ఆదాయాలను హర్రాజు వేస్తారు, తగవులు తీరుస్తారు, మాట వినకపోతే జరిమానా వేస్తారు. గుళ్లు, బడి గోడలు, రోడ్లు ఆ డబ్బుతో వచ్చిన ఊళ్లున్నాయి. ఆ కమిటీల తీర్పుతో సాంఘిక బహిష్కరణకు గురై, కల్లు గీత కుటుంబాలతో సహా, కోర్టుల చుట్టూ తిరిగినవాళ్లూ ఉన్నారు. పక్కింటి మీదికి వాలిన కొమ్మ, హద్దు గోడకు ఆనిన చెట్టు, వదిలేసిన పశువులు, ఇలాంటి పెరటి తగవులు తహసీల్దారు దాకా వెళ్లవు. సర్కారు నియమానికి అమలు చేసే మనిషి కరవు. వీడీసీ నియమానికి మనుషులున్నారు, అడిగే చట్టం లేదు.

పచ్చదనం లెక్కల్లో ఇంకో పొరపాటు కోనోకార్పస్. త్వరగా పెరుగుతుంది, నీళ్లు తక్కువైనా నిలుస్తుంది, మేక ముట్టదు, కత్తిరిస్తే శంకువులా కుదురుతుంది. 85 శాతం కావాల్సినవాళ్లకు ఇంతకంటే దేవుడిచ్చిన మొక్క ఇంకేముంటుంది? సోమాలియా, యెమెన్ తీరాల చెట్టు అది. గల్ఫ్ నగరాల్లో రోడ్ల వెంట బారులు తీరి ఉండేదీ అదే. దుబాయ్‌లో పనిచేసి వచ్చినవాళ్లు తమ ఊరి డివైడరు మీద చూసి వెంటనే గుర్తుపట్టారు. పిట్ట గూడు కట్టదు, కాయ లేదు, వేర్లు పైపుల్లోకి దూరతాయి, పూత కాలంలో కొందరికి తుమ్ములు, ఆయాసం అన్న ఫిర్యాదులు పెరిగాక సర్కారే నర్సరీల్లో దాన్ని పెంచొద్దని చెప్పింది. గుజరాత్ 2023లో నిషేధించింది. మొక్క బతికితే చాలన్న నియమం ఏ మొక్కను ఎంచుకుంటుందో దీన్ని బట్టి తెలుస్తుంది.

ఇదే జిల్లా నుంచి అమెరికా వెళ్లి టెక్సాస్‌లోని ఫ్రిస్కో, ఇర్వింగ్ వంటి ఊళ్లలో ఇళ్లు కొన్న తెలుగువాళ్లకు ఎదురైన నియమం సరిగ్గా తలకిందులు. అక్కడ సర్కారు కంటే ఇంటి యజమానుల సంఘం గట్టిది. గడ్డి ఎత్తు పెరిగితే ఉత్తరం వస్తుంది, ముందు వాకిట్లో బీరపాదు పాకితే ఉత్తరం వస్తుంది. ఆ పద్ధతికి పాత నమూనా న్యూయార్క్ దగ్గర 1947లో లేచిన లెవిట్‌టౌన్. వేసవి నెలల్లో వారానికోసారి గడ్డి కోయాలని అక్కడ ఇంటి దస్తావేజులోనే షరతు. నీటి కరవు ముంచుకొచ్చాక టెక్సాస్ శాసనసభ 2013లో చట్టం సవరించి, తక్కువ నీళ్లతో బతికే మొక్కలు పెట్టుకునే ఇంటివాళ్లను సంఘాలు పూర్తిగా అడ్డుకోకూడదంది. అక్కడి చట్టం గడ్డి నుంచి ఇంటివాడిని కాపాడాల్సి వచ్చింది. ఇక్కడ గడ్డి మొలవడానికే జాగా లేదు.

పథకాల పేర్లు మాత్రం ఆగకుండా మారుతున్నాయి. ఉమ్మడి రాష్ట్రంలో చంద్రబాబు కాలంలో పచ్చదనం–పరిశుభ్రత. కేసీఆర్ కాలంలో హరితహారం. కాంగ్రెస్ వచ్చాక 2024లో వన మహోత్సవం. అది 1950లో కేంద్ర మంత్రి కె.ఎం. మున్షీ మొదలుపెట్టిన పేరే. అదే ఏడు ఆగస్టు 5 నుంచి 9 వరకు స్వచ్ఛదనం–పచ్చదనం. మాటలు అటూ ఇటూ మార్చుకుంటే పాత పథకమే కొత్తగా కనిపిస్తుంది.

ట్రాలీ దగ్గర ఏది అడిగి తీసుకుంటారో గమనిస్తే జనం లెక్క వేరని అర్థమవుతుంది. రైతులకు టేకు మొక్కలు ఉచితంగా ఇచ్చిన ఏళ్లలో అవి పొలం గట్ల మీదికి పోయాయి. ఇంటి ఆవరణలోకి రానిచ్చినవాళ్లు తక్కువ. ముప్పై ఏళ్ల తరవాత దాన్ని కొట్టాలంటే ఎన్ని సంతకాలు కావాలో అడవి అంచు ఊళ్లకు బాగా తెలుసు. వేపకూ ఇప్పుడు అదే భయం పాకుతోంది, రేపు గది పెంచుకోవాలంటే అడ్డం. ఇంట్లోకి వెళ్లేవి కరివేపాకు, మునగ, నిమ్మ, జామ, బొప్పాయి, మల్లె. ఆరింట్లో మిగిలినవి బడి గోడ పక్కకో, చెరువు కట్ట మీదికో చేరతాయి. బొప్పాయిని కొడితే ఏ అధికారీ అడగడు.